జేబులో వచ్చిన మిరపాకు

బీకాం అయ్యాక తిరువూరు మెయిన్ రోడ్డులో ఒక పురుగుమందుల కొట్లో బిల్లులు కొట్టడానికి చేరాను. రెండు పంటలు గడిచేసరికి రైతులు తెచ్చిన ఆకులు ఓనరు గారి కంటే ముందు నాకే చూపించడం మొదలుపెట్టారు. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఆ పని నాకు బాగా వచ్చు.

ఆ వానాకాలం ఇంట్లో, కొట్లో ఒకటే గొడవ. గూడ్స్ ఆటో నడిపే మా నాన్నకి నేను ఎంకాం చదవాలని కోరిక. ఓనరు గారిదేమో, "అనుభవాన్ని మించిన చదువేముందమ్మాయ్, ఇక్కడే ఉండు" అనే పాట. నా మనసులో మూడోది ఉంది. మందుల కొట్టు నడపాలనుకునేవాళ్లకి ఏడాది డిప్లొమా ఒకటుంది, వారానికో రోజు క్లాసు. అది పాసైతే నా పేరు మీదే లైసెన్సు అడగొచ్చు. ఆడపిల్ల పురుగుమందుల కొట్టు పెడుతుందా అని నవ్వుతారేమోనని ఎవరికీ చెప్పలేదు. ఈలోగా పీజీ సీటుకి ఆప్షన్లు పెట్టే గడువు దగ్గరపడింది.

అప్పుడొచ్చాడు వినగడప నుంచి ఒక పెద్దాయన. చొక్కా జేబులోంచి మిరపాకు తీసి బల్ల మీద పెట్టాడు. మావాళ్లందరిదీ ఇదే అలవాటు. పొద్దున్నే ఆకు తుంచి, సెల్‌ఫోనుతో పాటు జేబులో కుక్కుకుని బస్సెక్కుతారు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. దేని మందు దానిదే. జేబులో నలిగి వాడిపోయాక ఏ ముడతో ఎవరికి తెలుస్తుంది?

"ఇది చూసి మందివ్వలేను బాబాయ్. నాలుగు కొమ్మలు తుంచి తడిగుడ్డలో చుట్టుకుని రండి."

"ఏంటమ్మాయ్, ఇంత దూరం వస్తే ఉత్త చేతుల్తో పంపుతావా? పక్క తోటాయన తామర పురుగు మందు కొట్టాడు, అదే ఇచ్చెయ్."

"ఆయన తోటలో ఉన్నదే మీ తోటలో ఉందని ఎవరు చెప్పారు?" నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. "పక్క కొట్టుకి పోతాడు, చూస్తుండు" అన్నారు ఓనరు గారు. పోనివ్వండి సార్ అన్నాను గానీ, ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఇక్కడ నా మాట వినకపోతే రేపు నా కొట్టుకి ఎవరొస్తారు?

మర్నాడు పొద్దున్నే తడి తువ్వాలు మూటతో ఆయనే వచ్చాడు. విప్పి చూస్తే ఆకులన్నీ బోర్లించిన పడవల్లా కిందికి ముడుచుకుని ఉన్నాయి. నల్లే. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మందిచ్చి, ఎంత కలపాలో చెప్పాను. బిల్లు వచ్చేలోపు ఆయన గోడ మీది ఫ్రేము వంక చూశాడు.

"ఆ సర్టిఫికెట్టు నీదేనా అమ్మా?"

"కాదు బాబాయ్, అది సార్ డిప్లొమా. నాది వచ్చే ఏడాది వస్తుంది."

ఓనరు గారు ఫోనులోంచి తలెత్తారు. నేనింకా దరఖాస్తు కూడా పెట్టలేదు. అన్నాక మాత్రం వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

ఆ రోజు శుక్రవారం. నమాజు నుంచి వచ్చి అన్నం ముందు కూర్చున్న నాన్నకి చెప్పేశాను. "ఎంకాం వద్దు నాన్నా. డిప్లొమా చేస్తాను. తర్వాత సొంత కొట్టు."

నాన్న అన్నం కలుపుతూ అన్నాడు. "పెద్ద చదువుంటే నీకు ధైర్యంగా ఉంటుందనుకున్నాను."

"ధైర్యం ఉంది నాన్నా. లేనిది లైసెన్సే."

"సరే అయితే" అన్నాడు చివరికి. "నీ కొట్టుకి మొదటి లోడు నా ఆటోలోనే రావాలి. కిరాయి దగ్గర మాత్రం బేరమాడకు."