డ్రైవర్ లేని రైలుకి సన్నాయి

ఆరేళ్లు మెట్రో రైలు నడిపాను. ఆ ఆరేళ్లూ మా నాన్న మా ఊళ్లో, నౌపడ స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర నా ఉద్యోగం గురించి తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆయన గుళ్లో సన్నాయి వాయిస్తాడు. మా ఇంట్లో మగవాళ్లందరూ వాయించినవాళ్లే, నేను తప్ప. అయినా ఆయనకి ఆ లోటు లేదు. "మావోడి సెయ్యి కదిల్తే గానీ అంత రైలూ కదల్దు" అని కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఆ చేతుల్నే ఒళ్లో పెట్టుకు కూర్చోమన్నారు. నగరంలో కొత్త లైన్ వేశారు, డ్రైవర్ అక్కర్లేని రైళ్లు తెప్పించారు. ట్రయల్స్‌కి మాలాంటి పాతవాళ్లని ఎక్కించి, పక్కన ఇంజనీర్లు కూర్చుని అడిగేవారు: వానలో ఈ వంపు దగ్గర ముందే బ్రేకు ఎందుకు వేస్తావు, జనానికి కుదుపు తెలియకుండా ఎలా ఆపుతావు? వెర్రివెధవల్లా అన్నీ చెప్పాం. మమ్మల్ని అడిగారు కదా అని మురిసిపోయాం కూడా. కొన్నాళ్లకి అదే వంపు దగ్గర రైలు తనంతట తానే, అచ్చం నాలాగే నెమ్మదించింది. "చూశారా, ఎంత స్మూత్‌గా ఉందో!" అన్నాడు పక్కనున్నాయన. నాకు ఒళ్లు మండిపోయింది.

మమ్మల్ని తీసెయ్యలేదు, ఆ మాట కూడా చెప్పాలి. అటెండెంట్ అని కొత్త పేరు పెట్టారు. డ్రైవర్ గది లేదు, పెట్టెలో జనం మధ్య నిలబడాలి. పైగా దానికి అందరికీ స్వీట్లు పంచారు.

ప్రారంభం రోజున మా అవసరం లేదని సెలవిచ్చారు. ఇంటికొచ్చాను. తిత్లీ తుఫానుకి ఎగిరిపోయిన రేకుల బదులు వేయించిన కొత్త రేకులు ఇంకా మెరుస్తున్నాయి. నన్ను కొత్త లైన్‌కి వేశారని మాత్రం అంతకుముందే ఫోన్‌లో చెప్పాను, మిగతాదంతా నాన్నే ఊహించేసుకున్నాడు. టీవీని వీధి అరుగు మీద పెట్టించాడు. డోలు వాయించే మా బావని పిలిపించాడు. మా ఇళ్లలో సొంతవాళ్ల పని ఏది మొదలైనా, పెళ్లయినా కొత్త బండయినా, సన్నాయి మోగాల్సిందే.

"నాన్నా, ఒక మాట" అన్నాను.

"మాటలు తర్వాత. రైలు కదిలే టైమైపోతన్నాది" అన్నాడు, సన్నాయి తుడుచుకుంటూ.

"ఒరే, నువ్విక్కడుంటే మరి రైలెవులు తోల్తారు?" అని బావ నవ్వాడు.

"ఇయాల పెద్దాఫీసర్లు తోల్తార్రా. రేపట్నించీ మావోడే." జవాబు కూడా నాన్నే ఇచ్చేశాడు.

టీవీలో జెండా ఊపారు. నాన్న ఎత్తుకున్నాడు, బావ డోలు కలిపాడు, వీధంతా చప్పట్లు. అప్పుడు కెమెరా రైలు ముందు భాగం చూపించింది. అద్దం వెనక సీటు లేదు. ఎవరి చంకలోనో ఒక పిల్ల కూర్చుని చెయ్యి ఊపుతోంది. "ఈ రైలుకి డ్రైవర్ లేడు, ఇక ఎప్పటికీ అక్కర్లేదు" అని టీవీ అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

చప్పట్లు ఆగిపోయాయి. డోలు మీద బావ చెయ్యి తడబడింది. నాన్న నా వైపు చూశాడు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, కళ్లు ఎర్రబడ్డాయి, సన్నాయి మాత్రం దించలేదు. శుభానికి ఎత్తుకున్న పాటని మధ్యలో ఆపితే ఆ పనికి అరిష్టమని మావాళ్ల పట్టింపు. నా పని లాక్కున్న రైలుకి అరిష్టం తగలకుండా మా నాన్న చివరిదాకా వాయించాడు. ఆపెయ్యి నాన్నా, తగలనీ, నాశనమైపోనీ అని అరవాలనిపించింది. బావ తల అడ్డంగా ఊపి నన్ను ఊరుకోమన్నాడు.

పాట అయ్యాక ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. నాన్న సన్నాయిని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు.

"మరి నువ్వేటి సేస్తావురా అందులో?"

"తలుపు కాడ నిలబడి, ఆనుకోకండి అని సెప్తాను."



"ఆ మాట మిషను సెప్పలేదేటి?"

"సెప్తాది నాన్నా. మూడు బాసల్లో సెప్తాది."