దవడ సన్నబడే సూది

తమ్ముడు నవ్వితే పెదవి ఒక వైపే కదులుతోందని మొదట చూసింది అమ్మ. పొద్దున తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటూ వాడు ఏదో మాటకు నవ్వాడు. కుడి మూల పైకి లేచింది. ఎడమ మూల ఉన్నచోటే ఉండిపోయింది. అమ్మ చెంబు చేతిలోనే పట్టుకుని, "ఇంగోసారి నవ్వు నాయనా" అంది. వాడు నవ్వలేదు. తువాలుతో ముఖం కప్పుకుని లోపలికి పోయాడు.

"వాతం కొట్టినాది వీనికి" అంది అమ్మ, నా వైపు తిరిగి. "ఈ వయసులో వాతమేంటమ్మా, పంటి వాపు ఇంకా తగ్గలేదేమో" అన్నాను. నాకు తెలిసింది అంతే.

తమ్ముడు అనంతపురంలో కేబుల్ టీవీలో వార్తలు చదివేవాడు. అప్పట్లో ప్రతి ఊళ్ళోనూ కేబుల్ వాళ్ళు సాయంత్రం ఒక అరగంట స్థానిక వార్తలు వేసేవారు. నీళ్ళ ట్యాంకరు దగ్గర కొట్లాట, విత్తనాల కోసం తోపులాట, బోరు ఎండి మందు తాగిన రైతు. ఇవన్నీ మా తమ్ముడి గొంతులో ఇంటింటికీ చేరేవి. గార్లదిన్నె బస్టాండులో టీ తాగడానికి నిలబడితే జనం వాడి వైపు చూసి నవ్వేవారు. వాడి గొంతు మంచిది. ముఖం నాయనది. కింది దవడ వెడల్పుగా, రెండు వైపులా గూడు కట్టినట్టు ఉంటుంది. పైగా వాడికి నిద్రలో పళ్ళు కొరికే అలవాటు. పక్క మంచంలో పడుకుంటే రాయి మీద రాయి నూరుతున్నట్టు వినబడేది.

హైదరాబాదులో ఒక పెద్ద చానెల్ వాళ్ళు వాడి క్యాసెట్టు చూశారు. గొంతు బాగుందన్నారు. ముఖం కింది సగం తెరంతా నిండిపోతోందనీ, కాస్త సన్నబడితే మళ్ళీ రమ్మనీ అన్నారు. మనిషి ముఖానికి ఎంత వెడల్పు ఉండాలో ఎవరు తేల్చారు? కరువు వార్త చదివేవాడి దవడ సన్నగా ఉంటే కరువు తగ్గుతుందా? మా వేరుశనగ పొలాల్లో ఎండకు చెనిక్కాయలు పీకిన మనుషుల ముఖాలన్నీ ఇలాగే ఉంటాయి. వాళ్ళ గురించి చెప్పడానికి వాళ్ళ ముఖమే పనికిరాదనడం కన్నా పెద్ద అవమానం ఏముంది? ఈ ప్రశ్నలు నేను ఎన్నైనా వేయగలను. తమ్ముడు నన్ను అడిగి ఉంటే వేసేవాణ్ణి కూడా. అందుకే వాడు అడగలేదు. ఒక్కడే బెంగళూరు పోయాడు.

తిరిగి వచ్చిన సాయంత్రం వాడి రెండు దవడలూ కొద్దిగా ఉబ్బి ఉన్నాయి. అమ్మ అడిగితే పన్ను నొప్పి అన్నాడు. మా ఇళ్ళలో పన్ను నొప్పికి ఒకటే పద్ధతి. ఆముదం వెచ్చజేసి, దవడ మీద పోసి, రెండు బొటనవేళ్ళతో చెవి కింద నుంచి గొంతు దాకా కిందికి కిందికి రుద్దుతారు. తరువాత వేయించిన ఉప్పు మూట కట్టి కాపడం పెడతారు. అమ్మ ఆ పని శ్రద్ధగా చేసింది. వాడు "వద్దులేమా, వద్దులేమా" అని రెండు మూడు సార్లు అన్నాడు. "నొప్పి ఉండేటోడు వద్దంటాడా? మెదలకుండా కూచో" అని అమ్మ వాడి తల తన మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. ఇంకా గట్టిగా వద్దంటే ఎందుకో చెప్పాలి. వాడు మెదలకుండా కూచున్నాడు.

పెదవి వాలిన మరునాటికి మాట మారింది. 'ప' అన్నప్పుడు, 'బ' అన్నప్పుడు గాలి పక్కకు పోయేది. కేబుల్ ఆఫీసుకు జ్వరమని కబురు పంపించాడు. ఆ సాయంత్రం అన్నంలో మజ్జిగ పోసుకుని తాగబోయాడు. పొర బోయింది. ఊపిరాడక కళ్ళు ఎర్రబడ్డాయి. మజ్జిగ ముక్కులోంచి వచ్చింది.

చెనిక్కట్టె వామి వెనక్కు నన్ను పిలుచుకుపోయాడు.

"అన్నా, ఒక మాట చెప్తా. అమ్మకు చెప్పనని ఒట్టు పెట్టు."

"నేను ఒట్లు నమ్మనని తెల్సు కదరా."

"అయితే చెప్పనని చెప్పు. నీ మాట చాలు."

చెప్పనన్నాను. అప్పుడు చెప్పాడు. దవడ వెడల్పు ఎముక వల్ల కాదట, నమిలే కండ వల్లనట. పళ్ళు కొరికీ కొరికీ అది పెరిగిందట. ఆ కండను నిద్రపుచ్చే మందు ఒకటి ఉందట. సూదితో అక్కడక్కడా పొడుస్తారట. కొన్ని వారాలకు కండ కరిగి ముఖం కోలగా అవుతుందట.

"ఏం మందురా అది?"

"విషమే అంటన్నా. చెడిపోయిన కూట్లో పుట్టే విషం. రవ్వంత ఏస్తారంట. ఏం కాదన్న్యారు."

ఆ విషం గురించి నేను చదివి ఉన్నాను. ఒక ఊళ్ళో చెడిపోయిన తిండి తిని ఇంటిల్లిపాదీ పడిపోతే జనం దాన్ని చేతబడి అన్నారు. అది చేతబడి కాదు, తిండిలో పుట్టిన విషం కావచ్చని అప్పుడు పత్రికకు వ్యాసం రాశాను. అది కనురెప్పలను వాల్చి, గొంతును పట్టి, చివరకు ఊపిరి ఆడించే కండలను ఆపుతుందని అందులో వివరంగా రాశాను. భయం అజ్ఞానంలోంచి పుడుతుందని నేను సభల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ సాయంత్రం వామి వెనుక నాకు భయం పుట్టింది మాత్రం తెలిసినదాని వల్లనే. పెదవి అయింది. గొంతు మొదలైంది. తరువాత ఏమిటో నాకు తెలుసు. తమ్ముడికి తెలియదు. వాడి భయమంతా మాట పోతుందేమోనని.

ఊళ్ళో సెల్‌ఫోనుకు సిగ్నల్ లేదు. పొద్దున్నే మొదటి బస్సుకు అనంతపురం పోయి, వాడిచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. చాలాసేపటికి సూది వేసిన డాక్టరమ్మ దొరికింది. అంతా విని ఒకటే ప్రశ్న వేసింది. సూది వేసిన రోజు దవడను ఎవరైనా రుద్దారా? రుద్దవద్దని, వేడి పెట్టవద్దని చెప్పి పంపామే అంది. నేను ఆముదం సంగతి చెప్పాను. రుద్దితే మందు పక్క కండలకు, గొంతు వైపుకు పాకి ఉండవచ్చు అంది. వేసిన మోతాదుకు ప్రాణం మీదికి సాధారణంగా రాదంది. అదే తగ్గుతుంది కానీ వారాలు పడుతుందంది. అంతదాకా పలచని నీళ్ళలాంటివి తాగించవద్దు, పడుకోబెట్టి ఏమీ పోయవద్దు, పొర బోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అదే అసలు ప్రమాదం అంది. ఊపిరి బరువైతే ఆలోచించకుండా పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మంది.

ఇంటికి వచ్చేసరికి తలుపుకు తాళం.

పక్కింటి అవ్వ అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తోంది. "యాడికి పోయినారవ్వా?"

"కుందుర్పి తట్టు. వాతానికి పసురు పోస్తారంట కదా, ఆడికి. మీ మామ వచ్చి పిల్చుకపాయ. నువ్వుంటే పోనియ్యవని, నువ్వట్ల బస్సెక్కినంకనే వీళ్ళిట్ల ఎక్కిరి."

ఆ పసరు సంగతి నాకు బాగా తెలుసు. దాని మీద కూడా రాశాను. పావురాన్ని కోసి నెత్తురు ముఖానికి రుద్దుతారు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, పసరు గొంతులో పోస్తారు.

మళ్ళీ అనంతపురం, అక్కడి నుంచి కల్యాణదుర్గం, అక్కడి నుంచి కుందుర్పి బస్సు. అంత పొడవైన దారి ఆ జిల్లాలో ఇంకొకటి లేదనిపించింది. బస్సు ఆగిన చోటల్లా డ్రైవరు దిగి ఎవరితోనో మాట్లాడేవాడు. నా పక్కన కూచున్న రైతు సీసా ఎత్తి గడగడా నీళ్ళు తాగాడు. ఆయన గొంతు పైకీ కిందికీ కదలడం చూస్తూ కూచున్నాను. మింగడం ఎంత పనో అంతకు ముందు ఎన్నడూ ఆలోచించలేదు. కిటికీ బయట విత్తు పడని చేలు ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి. వాటిని చూసి కోపం తెచ్చుకునే అలవాటు నాది. ఆ రోజు కోపం కూడా రాలేదు.

పసరు పోసే పెద్దాయన ఇల్లు ఊరి చివర ఉంది. రేకుల కొట్టం కింద చాపల మీద రోగులు, బుట్టలో పావురాలు. తమ్ముడి వంతు వచ్చేసింది. వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టారు. తల పెద్దాయన తొడ మీద ఉంది. ముఖమంతా నెత్తురు పూసి ఉంది. అమ్మ వాడి కాళ్ళు పట్టుకుని కూచుంది. పెద్దాయన చేతిలో టెంకాయ చిప్ప, దానిలో పచ్చటి రసం నిండుగా ఉంది.

నేను పోయి ఆ చేయి పట్టుకున్నాను.

"వచ్చినాడప్పా మీటింగు సామి" అన్నాడు మామ, గోడకు ఆనుకుని బీడీ తాగుతూ. "ఇంగ ఉపన్యాసం వినండి అందరూ."

"పొయ్యొద్దు పెద్దాయనా. వీనికి మింగుడు పడటం లేదు. ఊపిరిలోకి పోతాది."

"నాకు తెలీదా? మింగలేనోళ్ళే ఈడికి వచ్చేది. చెయ్యి తీయప్పా."

"నిన్న మజ్జిగ ముక్కులోంచి వచ్చినాది."

"నమ్మనోడు పక్కనుంటే మందు పారదు" అన్నాడు పెద్దాయన అమ్మతో. "నీ పెద్ద కొడుకును బయటికి పొమ్మను."

అమ్మ నా వైపు చూసింది. "నీకు దండం పెడతా నాయనా. నీ మాటలు మీటింగుల్లో చెప్పుకో. ఈ పొద్దు అడ్డం రావద్దు."

అప్పుడు అర్థమైంది. నేను చెప్పే ఏ కారణమూ వాళ్ళ చెవికి ఎక్కదు. అవన్నీ వాళ్ళు ముందే విన్నవి. పసరును వ్యతిరేకించే మనిషి పసరు వద్దంటే అందులో వార్త ఏముంది? వాళ్ళకు తెలియని సంగతి ఒక్కటే నా దగ్గర ఉంది. అది చెప్పనని మాట ఇచ్చాను. తమ్ముడి వైపు చూశాను. నెత్తురు మధ్య నుంచి వాడి కళ్ళు నన్నే చూస్తున్నాయి. వాడు తల అడ్డంగా ఊపాడు. చెప్పవద్దని. పెద్దాయన రెండో చేత్తో వాడి ముక్కు మూశాడు.

"ఇది వాతం కాదు" అన్నాను. "సూది. బెంగళూరులో దవడ సన్నబడేదానికి సూది పొడిపించుకున్నాడు. ఆ మందు గొంతులోకి దిగినాది."

ముందు నవ్వింది మామ. "దవడ సన్నబడేదానికి సూదినా? ఏమప్పా, ఎనుముకు కొమ్ములు వంచినట్లనా?" చాపల మీది వాళ్ళు కూడా, వాలిన మూతులతోనే నవ్వారు. తమ్ముడు లేచి కూచున్నాడు. నెత్తురు మెడ మీదికి కారుతోంది.

"నిజమేనా రా?" అంది అమ్మ.

వాడు తల ఊపాడు.

"మీ నాయన దవడ రా అది."

వాడు ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. పెద్దాయన చిప్ప కింద పెట్టలేదు. "సూది వాతమైనా ఇదే మందు. తాపిస్తే తగ్గిపోతాది" అన్నాడు. నేను మళ్ళీ నోరు తెరవబోయాను. అమ్మ నా కన్నా ముందే, "వద్దులే సామీ. మాది మేము చూసుకుంటాం" అని కొంగుతో కొడుకు ముఖం తుడవడం మొదలుపెట్టింది. దవడ మీద మాత్రం వత్తకుండా, అద్ది అద్ది తుడిచింది.

అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరు ఇలాంటి కేసు ఎన్నడూ చూడలేదన్నాడు. బెంగళూరు డాక్టరమ్మతో ఫోనులో మాట్లాడి, ఊపిరి బాగానే ఉందని, ఉంచుకుని చూస్తామని అన్నాడు. కొన్ని రోజులు ఉంచుకుని పంపారు. ఆ తరువాతి వారాలు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. తమ్ముడు నాతో అసలే మాట్లాడలేదు. చెప్పనని చెప్పి చెప్పినందుకు. నాకు దాని మీద విచారం లేదు. వాడు తినేటప్పుడు మాత్రం ఎదురుగా కూచునేవాణ్ణి. వాడు ఎటు తిరిగి కూచుంటే అటు.

వాడి దవడ నిజంగానే సన్నబడింది. నెలకు ముఖం కోలగా, ఎవరిదో అన్నట్టు తయారైంది. ఆ ముఖంతో ఎక్కడికీ పోలేదు. మాట ఇంకా జారుతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం అమ్మ పొయ్యి ముందు సంగటి కెలుకుతూ నన్ను అడిగింది. "ఆ పొద్దు నేను ఆముదం రుద్దితి కదా. దానివల్ల ఏమన్నా ఎక్కువైనాదా?"

కాదనడం చాలా తేలిక. ఆసుపత్రిలో ఎవరూ ఆమెతో ఆ మాట అనలేదు. కానీ ఒక అబద్ధం వల్లనే ఆ ఆముదం వెచ్చబడింది. ఇంకొకటి చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

"అవునమ్మా. రుద్దకుండా ఉంటే మందు ఉన్నచోటే ఉండేది. నీ తప్పు కాదు. నీకు పన్ను నొప్పి అని చెప్పినారు."

అమ్మ తెడ్డు ఆపింది. తన బొటనవేళ్ళు చూసుకుంది. "పన్ను నొప్పి అంటే నూనె రుద్దక ఇంగేం చేస్తారు" అంది. నన్ను అడిగినట్టు లేదు. గోడవతల తమ్ముడు ఉన్నాడని, విన్నాడని మాకు ఇద్దరికీ తెలుసు.

వాడు వచ్చి పొయ్యి దగ్గర కూచున్నాడు. మింగలేకపోవడం మొదలైనప్పటి నుంచి వాడు మా ముందు తినడానికి సిగ్గుపడేవాడు. ఆ రోజు తనే పళ్ళెం ముందుకు జరిపాడు. అమ్మ సంగటి మెత్తగా పిసికి, చిక్కటి పప్పులో అద్ది, చిన్న ముద్ద వాడి చేతిలో పెట్టింది. వాడు నోట్లో వేసుకుని, డాక్టరు చెప్పినట్టు గడ్డం ఛాతీకి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. అమ్మా నేనూ వాడి గొంతునే చూస్తున్నాం. అది కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. దగ్గు రాలేదు.

"ఇంగొకటి పెట్టుమా" అన్నాడు వాడు. 'ప' లోంచి గాలి ఇంకా పోతూనే ఉంది.