ఏడో మెషిన్ మీద తెగిన దారం

బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో మెషిన్లు బాగుచేసే ఆవిడకి అందరూ పెట్టిన పేరు ఎందుకమ్మ. ఏది పాడైనా స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందు నాలుగైదుసార్లు "ఎందుకు?" అని అడుగుతుంది. విన్నవాళ్ళకి ప్రాణం విసిగిపోయేది. ఇరవై ఏళ్ళుగా ఆవిడ ఎవరి విసుగునీ ఖాతరు చేయలేదు.

ఏడో మెషిన్ మీద ఆవిడ చిన్న తోటికోడలు కుడుతుంది. వారం రోజులుగా పదకొండు దాటితే చాలు, దారం పుటుక్కున తెగుతోంది. మేనేజరు చూశాడు. చూడటమంటే, గాజు తలుపు వెనకనుంచి ఒక చూపు విసరడమే. ఆమెని శనివారం నుంచి పనిలోకి రావద్దని నోటీసు అంటించి, కారణం దగ్గర "చేతివాటం" అని రాశాడు. చేతి దురుసు అని రాయబోయాడు కాబోలు. ఆ మాటకి జనం నోట్లో దొంగతనమని అర్థమని ఆ మహానుభావుడికి తట్టలేదు. సాయంత్రం గేటు దగ్గర చిన్నామె బ్యాగు తడిమి చూశారు.

"అక్కా, పని పోతే పోయింది. దొంగనెలా అయ్యాను?" అని ఏడ్చింది.

"ఏడుపు తర్వాత. ముందు దారం ఎందుకు తెగుతోందో చూద్దాం. ఒకసారికి ఒక్కటే మారుద్దాం. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలిసి చావదు."

మర్నాడు పదకొండున్నరకి చిన్నామెని రెండో మెషిన్ మీద కూర్చోబెట్టింది. తెగలేదు. ఏడో దాని మీద వేరే మనిషి కూర్చుంటే తెగింది. అంటే చేతిది కాదు. సూది మార్చింది, తెగింది. పాత సూదే పెట్టి దారపు ఉండ మార్చింది, మళ్ళీ తెగింది. చివరికి మెషిన్నే రెండు మూరలు పక్కకి లాగించింది. తెగలేదు! తప్పు ఆ చోటుదన్నమాట. అక్కడ ఏముందని తలెత్తితే గోడ ఫ్యాను కనిపించింది. మేనేజరుగారు పదకొండింటికి వచ్చి కూర్చోగానే గాజు తలుపు తీయించి, తన గదిలోకి గాలి కొట్టేలా వేయించుకునే ఫ్యాను. ఆ గాలికి దారం ఎగిరి మెషిన్ కొక్కేనికి చుట్టుకుని తెగుతోంది.

మెషిన్ని పాత చోటికే తోయించి, ఫ్యాను స్విచ్చి కట్టేసింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా తెగలేదు.

"సరేలే, నోటీసు చింపేస్తా. పని చూసుకోండి," అన్నాడు, ఫ్యాను ఆగితే బయటికొచ్చి సంగతంతా విన్న మేనేజరు.

"చింపితే చాలదు సార్. దొంగ అని అందరూ చదివారు. కాదనీ అందరూ వినాలి."

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసు. మైకు అక్కడుంది."

ఆవిడ ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి తీయలేదు. రెండో మెషిన్ మీద మనిషి కుట్టడం ఆపేసింది. తర్వాత మూడో మెషిన్ ఆగింది, నాలుగోది ఆగింది. షెడ్డంతా నిశ్శబ్దమయ్యాక ఆయన నుదురు తుడుచుకుని మైకు అందుకున్నాడు.

"ఆ అమ్మాయి దొంగ కాదు. దారం తెగడం ఆమె తప్పు కాదు."

"మరి ఎవరిదో కూడా చెప్పండి," అంది ఎందుకమ్మ.

"నాది," అన్నాడాయన. ఆ ఒక్క ముక్కా చివరి వరుస దాకా వినిపించింది.