తల లేని తాబేలు

పరువు పోగొట్టుకోవడానికి మా ఆళ్లగడ్డలో చోటే లేనట్టు, సముద్రం దాటి వెళ్లి మరీ పోగొట్టుకొచ్చినవాణ్ని నేను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా ఆవిడ ఈ కథను ప్రతి పెళ్లిలోనూ చెప్పీ చెప్పీ నన్ను రాటుదేల్చింది.

మాది రాళ్లు చెక్కి బతికే ఇల్లు. నేనప్పటికి కొత్తగా సొంత షెడ్డు వేసుకున్నాను. చేతిలో పని తక్కువ, నోట్లో మాటలు ఎక్కువ. నంద్యాలలో విత్తనాల అంగడి నడిపే సుబ్బయ్య శెట్టి, సంజామల దగ్గర తన సొంతూరి గుడికి పెద్ద నందిని చేయించాలనుకుంటున్నాడు. ఆ పని నాకివ్వాలా, మా వీధి చివరి పెద్ద షెడ్డుకివ్వాలా అని ఊగిసలాడుతున్నాడు. అది నాకొస్తే నా షెడ్డు నిలబడుతుంది. రాకపోతే మళ్లీ ఒకరి దగ్గర కూలికి పోవాల్సిందే.

సరిగ్గా అప్పుడే విత్తనాల కంపెనీవాళ్లు బాగా అమ్మిన డీలర్లను ఓడలో విహారానికి పంపారు. ఒక్కొక్కరికి రెండేసి టిక్కెట్లు. శెట్టిగారి భార్య నీళ్లంటే భయమని రానంది.

"ఓబులేసూ, పాస్‌పోర్టు ఉండాదా నీకు?" అని శెట్టి ఫోన్ చేశాడు. దుబాయ్ పోదామని ఎప్పుడో చేయించుకున్నది పెట్టెలో అలాగే ఉంది. "అయితే తొందరగా రా. నంది సంగతి దోవలో మాట్లాడుకుందాం" అన్నాడు.

ఓడ మలేసియా దగ్గర ఒక దీవిలో ఒక పగలంతా ఆగింది. మమ్మల్ని బస్సెక్కించి జంతువుల పార్కుకు తీసుకెళ్లారు. గేటు దగ్గర సిమెంటుతో చేసిన ఏనుగు, పులి బొమ్మలున్నాయి. వాటిని చూడగానే నాకు పూనకం వచ్చింది.

"శెట్టన్నా, ఆ పులి మూతి చూడు. పిల్లి అలిగినట్లు ల్యా?"

"అవునప్పా! నేను చూడనే లేదు."

"ఆ ఏనుగు కాళ్లు? రోకళ్లకు సున్నం కొట్టినట్లుండాయి."

చుట్టూ డీలర్లు మూగారు. "మా ఆళ్లగడ్డ శిల్పి" అని శెట్టి ఛాతీ పొంగించి అందరికీ పరిచయం చేశాడు. ఇంకేముంది, నంది నాదే అనుకున్నాను. పొగడ్త నెత్తికెక్కితే కళ్లు మూసుకుపోతాయని మీకు వేరే చెప్పాలా?

లోపల, చెట్ల నీడన పొట్టి కంచె వెనక ఒక తాబేలు. మా కుందూ నదిలో తాబేలంటే అన్నం పళ్లెమంత ఉంటుంది. ఇదేమో పెళ్లి వంటల డేగిసాను బోర్లించినట్టుంది. కదలదు, మెదలదు, తలే లేదు.

"ఇది గూడా బొమ్మే" అన్నాను. "ఇంత తాబేలు యాడన్నా ఉంటాదా? గేటు కాడ చేసినోడే చేసినాడు. తల చెక్కడం రాక వదిలేసినాడు."

"నిజంగా బొమ్మంటావా?"

"అనుమానమేందన్నా? తట్టి చూపిస్తా ఉండు."

మా పనిలో రాయిని ఎంచుకునేటప్పుడు తట్టి, చెవిపెట్టి వింటాం. మంచి రాయి గంటలా మోగుతుంది. నేను కంచె దాటి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ వీపు మీద టకటకా మొట్టి చెవి ఆనించాను. డీలర్లందరూ ఊపిరి బిగబట్టారు.

"డొల్ల!" అని తీర్పిచ్చాను. "పైన సిమెంటు పూసినారంతే. మా ఊర్లో ఇట్లా చేస్తే ఉలి లాక్కుంటారు."

లోపల్నుంచి బుస్సుమని చప్పుడొచ్చింది.

"ఏందప్పా అది?" అంటూ శెట్టి ఒకడుగు వెనక్కి వేశాడు.

"గాలన్నా. యాడో చిల్లుండాది."

ఆ చిల్లులోంచే తల బయటికొచ్చింది. నా ముక్కుకు జానెడు దూరంలో ఆగి, నన్ను ఎగాదిగా చూసింది. డీలర్లు తలో దిక్కు పరుగెత్తారు. నేను మాత్రం కదల్లేదు. ధైర్యమని పొరబడకండి, కాళ్లు పనిచేయలేదు. నా నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే: "అబ్బా, మెడ ముడతలు ఏం చెక్కినాడప్పా!"

తాబేలు నా మెడలోని కండువా కొస నోట కరుచుకుని నడక మొదలుపెట్టింది. దాని వెనకే నేనూ మోకాళ్ల మీద నడిచాను. పార్కు మనిషి కేకలేస్తూ వచ్చి నన్ను విడిపించాడు.

"ఏమంటాండాడన్నా?" అని, అప్పటికి తిరిగొచ్చిన శెట్టినడిగాను. ఆయనకు నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చు.

"అది మీ తాతకంటే పెద్దదంట. పెద్దల్ని మొట్టగూడదంట."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంటా గెలవక, సముద్రం దాటిపోయి తాబేలు చేతిలో ఓడిపోయాను. ఎవరో వీడియో కూడా తీశారు. మేము ఓడెక్కకముందే మా ఆవిడ ఫోన్. "ఏందీ, తాబేలు ఎంబడి పోతాండావంట? యాడికి?"

సాయంత్రం ఓడ మీద శెట్టి కమ్మీ పట్టుకుని సముద్రం చూస్తున్నాడు. నేనే నోరు తెరిచాను. "అన్నా, నందిని ఆ పెద్ద షెడ్డుకే ఇచ్చెయ్. ప్రాణముండేదేదో లేనిదేదో నాకు తెలీదని లోకమంతా చూసింది."

"అందరం పరిగెత్తినాం ఓబులేసూ. నేనైతే చెప్పులు గూడా ఆడనే వదిలేసినా. నువ్వొక్కడివే దాని మెడ ముడతలు చూస్తాంటివి. ప్రాణం మీదికొచ్చినా పనే చూసేవాడికి గాక, నంది ఇంగెవరికిస్తా?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఆ నంది ఇప్పుడు గుడి ముందు కూర్చుని ఉంది. దాని మెడ కింది గంగడోలు ముడతలు చూసి తడమకుండా వెళ్లినవాళ్లు లేరు. నా షెడ్డు నిలబడింది, పక్కన ఇంకోటి లేచింది. గుడికి ఎవరొచ్చినా శెట్టి నన్ను ముందుకు తోసి, "తాబేలును సిమెంటు బొమ్మన్న మహానుభావుడు ఈయనే" అంటాడు. వాళ్లు పగలబడి నవ్వుతారు, నంది మెడ చూసి నవ్వు ఆపేస్తారు, ఆ తర్వాత నా ఫోన్ నంబరు అడుగుతారు. నేను మీసం మెలేస్తాను.

అయినా ఆ నందీశ్వరుడి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట పరాయి దేశంలో ఏ శిల్పానికైనా వంక పెట్టాలంటే, ముందు దానికో అరటిపండు చూపిస్తాను. అది తినకపోతేనే నోరు విప్పుతాను.