గాలి వెనక నుంచి వస్తే

పెళ్ళయిన కొత్తలో, అంటే నాకు పాతికేళ్ళు కూడా నిండని ఆ రోజుల్లో, ఎవరేమడిగినా "ఓ, నాకు చాలా ఇష్టమండీ" అనేసే జబ్బు ఒకటి ఉండేది నాకు. పెళ్ళిచూపుల్లో కాబోయే మావగారు "చరిత్రంటే ఆసక్తి ఉందా అమ్మా?" అని అడిగితే ప్రాణమని చెప్పాను. (నిజానికి అప్పుడు నా ప్రాణమంతా ప్లేట్లో ఉన్న కాజా మీద ఉంది.) ఆయన కాకినాడ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పిన మాస్టారు. అత్తయ్యగారు ఏనాడో పోయారు. రిటైరయ్యాక సింగపూర్‌లో మా దగ్గరే, పాసిర్ రిస్ ఫ్లాట్‌లో ఉండేవారు. ఆయనకు ఉన్నది ఒకటే కోరిక. అన్నేళ్ళు పిల్లలకు చెప్పిన కోటలూ మఠాలూ గాలిమరలూ ఇంగ్లండు పల్లెల్లోకి వెళ్ళి ఒక్కసారి కళ్ళారా చూడాలని.

మా ఆయన ముగ్గురికీ టికెట్లు కొన్నాడు. తీరా మూడు రోజుల ముందు ఆఫీసువాళ్ళు అతని సెలవు రద్దు చేశారు. "నువ్వు తీసుకెళ్ళు. నీకూ చరిత్ర ప్రాణం కదా" అన్నాడు, నవ్వకుండా. అప్పటిదాకా మావయ్యగారికీ నాకూ మధ్య నడిచిన సంభాషణంతా "కాఫీ తెమ్మంటారా?", "చాలమ్మా" వరకే. ఆఫీసులో పక్క సీటమ్మాయి, బెడోక్‌లో పుట్టి పెరిగిన పిల్ల, సంగతి విని "మామగారితో, ఒక్కదానివేనా? అయ్యో, పాపం లా" అంది, మాట చివర 'లా' తగిలించే సింగపూర్ యాసలో. ఎక్కడికెళ్ళాలో ఇంటర్నెట్లో బొమ్మలు చూసి నేనే నిర్ణయించాను. ఆ బొమ్మలు ఏ కాలంలో తీసినవో చూడాలని తట్టలేదు.

మొదటి రోజు కోట. రెండు నిమిషాలకో రైలుకు అలవాటుపడ్డ నాకు, పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ మాత్రమే వచ్చే బస్సులుంటాయని అక్కడే తెలిసింది. బస్సు దిగి, చీలమండల దాకా బురదలో, ఆవుల మందను తప్పించుకుంటూ మైలు నడిచాక ఒక గోడ కనిపించింది. నా నడుము ఎత్తు ఉంది. పక్కన బోర్డు. కోట కూలిపోయాక రాళ్ళన్నీ ఊరివాళ్ళు ఇళ్ళు కట్టుకోవడానికి పట్టుకుపోయారట. మావయ్యగారు ఆ గోడ చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, చెయ్యి వేసి నిమిరి, "ఊఁ" అన్నారు. ఆ ఊఁకి అర్థమేమిటా అని తిరుగు బస్సు వచ్చేదాకా, అంటే అయిదు గంటలపాటు, ఆలోచిస్తూ కూచున్నాను. రెండో రోజు మఠం. చలికాలం మూసేస్తారట. గేటు ఊచల్లోంచి సగం కమానూ, దాని మీద తడిసిన కాకీ కనిపించాయి. జోరున వాన. గొడుగు తిరగబడి ఊచలు విరిగాయి. బస్‌స్టాప్‌లో చల్లారిపోయిన బంగాళాదుంప చిప్స్ తింటూ మావయ్యగారు మళ్ళీ "ఊఁ" అన్నారు.

మూడో రోజు గాలిమర. ఆయన అన్నిటికంటే ఎక్కువగా చూడాలనుకున్నది అదే. ఏటా బ్లాక్‌బోర్డు మీద నాలుగు రెక్కలతో బొమ్మ గీసి చెప్పేవారట. కొండెక్కి చూస్తే రెక్కల్లేవు. బాగుచేయడానికి విప్పి ఎక్కడికో పంపారట. రెక్కల్లేని ఆ గాలిమర పెద్ద మిరియాల డబ్బాలా నిలబడి ఉంది. నాకు దుఃఖం ఆగలేదు. తడి గడ్డిలోనే కూలబడి ఏడ్చేశాను. "మావయ్యగారూ, నాకు చరిత్ర ఒక్క ముక్క రాదండీ. ఇష్టమని అబద్ధం చెప్పాను. అందుకే మిమ్మల్ని ఇలాంటి చోట్లకు తిప్పాను."

"తెలుసమ్మా" అన్నారాయన నెమ్మదిగా. "పెళ్ళిచూపుల్లో పానిపట్టు యుద్ధం కర్ణాటకలో జరిగిందన్నావు కదా."

"మరి ఎలా ఒప్పుకున్నారండీ?"

"మావాడు అది నిజమేననుకున్నాడు. సరిజోడు అనుకున్నాను."

ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. ఇంతలో గాలిమరను చూసుకునే పెద్దాయన ఒకరు, ఉన్ని టోపీ పెట్టుకుని, మమ్మల్ని లోపలికి పిలిచారు. నిచ్చెన మెట్లెక్కించి తిరగలిరాళ్ళూ చెక్క పళ్ళచక్రాలూ చూపించారు. చివరికి, "గాలి ఎటు మళ్ళితే అటు ఈ పై టోపీ భాగమంతా తిరుగుతుంది, రెక్కలతో సహా" అని చెప్పారు. మావయ్యగారు మెట్టు మీద అలాగే కూచుండిపోయారు. 

"ఏమైందండీ?"

"క్లాసులో ఒకడు అడిగాడమ్మా. గాలి వెనక నుంచి వస్తే ఏం చేస్తారు సార్ అని. ఇంగ్లండులో గాలి ఒకవైపు నుంచే వస్తుంది, నోర్మూసుకో అన్నాను. ముప్ఫై ఏళ్ళూ అలాగే చెప్పాను."

ఆయన్ని ఓదార్చాలని, "పోనీలెండి, మీరు చెప్పింది ఎవరికి గుర్తుంటుంది" అన్నాను. ఒక మాస్టారితో అనకూడని మాట అంతకంటే మరొకటి లేదని నోరు జారాకే తెలిసింది. ఆ సాయంత్రం ఆయన భోజనం చెయ్యలేదు. మిగిలిన రెండు రోజులూ ఏ శిథిలం ముందు నిలబెట్టినా ఆయన దాన్ని చూడలేదు. తనలోకే చూసుకున్నారు.

ఛాంగీ ఎయిర్‌పోర్టులో మా ఆయన "ఎలా ఉన్నాయి నాన్నా?" అంటే "అన్నీ పాడైపోయాయిరా" అని మాత్రం అన్నారు.

ఇంటికొచ్చిన మర్నాటి నుంచి పాత శిష్యులందరికీ ఫోన్లు చేశారు. వారం తిరిగేసరికి ఆ కుర్రాడి నంబరు దొరికింది. ఇప్పుడు కుర్రాడేమిటి, తునిలో మోటార్లు బాగుచేసే షాపు పెట్టుకున్న, ఇద్దరు పిల్లల తండ్రి. మావయ్యగారు ఫోను స్పీకర్లో పెట్టి, క్లాసులో నిలబడ్డట్టు లేచి నిలబడి చెప్పారు. "నువ్వడిగింది సరైన ప్రశ్న నాయనా. నిన్ను నోర్మూసుకోమన్నాను. తప్పు నాది."

అవతలి నుంచి అతను చాలా వినయంగా, "నోర్మూసుకోమనడమే కాదండి సార్, బెంచీ కూడా ఎక్కించారండి" అన్నాడు.

మావయ్యగారు దానికీ క్షమాపణ చెప్పుకున్నారు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ గాలిమర టోపీ ఎలా తిరుగుతుందో గంటన్నర మాట్లాడుకున్నారు. ఆయన పోయేదాకా ప్రతి ఆదివారం మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ ఫోన్ల పక్కన కూచుని కూరలు తరుగుతూ నేను నేర్చుకున్నంత చరిత్ర ఏ బళ్ళోనూ నేర్చుకోలేదు. తడి గడ్డిలో కూచుని, ఇక నా కాపురం పని అయిపోయిందని వెక్కివెక్కి ఏడుస్తున్న ఆ పిల్ల ఇవాళ ఎదురైతే, ముందు లేపి కుర్చీలో కూచోబెడతాను. తర్వాత, పాపం, పానిపట్టు ఎక్కడుందో చెబుతాను.