ఒకటి కొడితే ఆగాలి

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు... నాకు జరిగింది. నా కూతురి మీద ఒట్టు. మా అక్క మొగుడు రాజన్న బావ అప్పుడు నా పక్కనే ఉన్నాడు, కావాలంటే అడగండి. కాకపోతే ఆ మాట ఎత్తగానే ఆయన లేచి వెళ్లిపోతాడు.

పోయిన చలికాలం. గోదావరిఖని దగ్గర, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో టిప్పర్ నిండా బొగ్గు నింపుకుని, దాన్ని రైలుకెక్కించే సైడింగుకు బయలుదేరాం. నేను డ్రైవర్ని, బావ నాకు తోడు. రోడ్డుకు రెండువైపులా మట్టిగుట్టలు, చీకటి. మధ్యలో టిప్పర్ దగ్గింది... ఇంకోసారి దగ్గింది... ఆగిపోయింది. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయింది.

ఆ ఫిల్టర్‌ను అక్కడ పెట్టినవాడెవడో గాని, వాడితో ఒక్కసారైనా దాన్ని మార్పించాలి. ఇంజన్‌కూ బండి చట్రానికీ, అదే ఛాసిస్‌కూ, మధ్య సందులో ఉంటుంది. కంటికి కనిపించదు. బండి కింద వెల్లకిలా పడుకుని, భుజం దాకా చెయ్యి దూర్చి, వేళ్లతో తడుముకుంటూ తిప్పాలి. వేడి పైపు తగిలి మోచెయ్యి కాలింది. డీజిల్ చేతి మీదుగా చంకలోకి కారింది. పాతది ఊడదు. స్క్రూడ్రైవర్ పొడిచి మెలితిప్పితే రేకు చిరిగింది గాని అది కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది, నిజంగా.

ఎట్టకేలకు ఊడింది. కొత్తది బిగించాను. ఇక లోపలి గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. బావ పైన తాళం తిప్పి సెల్ఫ్ కొట్టాలి, నేను కింద స్క్రూ వదులు చేసి పట్టుకోవాలి. ఇంజన్ మోతలో కేకలు సరిగా వినిపించవని స్పానర్‌తో ఛాసిస్ మీద కొడతాం. రెండు కొడితే తిప్పాలి. ఒకటి కొడితే ఆగాలి. అది బావ పెట్టిన పద్ధతి. వాళ్ల బాపు భూమి లోపలి గనిలో పనిచేసేవాడు, అక్కడ గంట ఒక్కసారి మోగితే ఆగమనే. అది విన్నాక ఎంత తొందరున్నా ఎవరూ కదలరు.

రెండు కొట్టాను. బావ తిప్పలేదు.

"బావా! నిద్రవోయినవా ఏంది?"

"నువ్వే మల్ల ఒకటి కొడ్తివి గద. ఆగిన."

"నేనేడ కొట్టిన? జల్ది తిప్పు."

మళ్లీ రెండు కొట్టాను. టంగ్... టంగ్.

ఈసారి నేనూ విన్నాను.

...టక్.

ఒక్కటే. నా దగ్గర కాదు. వెనక... పైన... బొగ్గు లోపల.

బయటికి పాకి, ఫోన్ లైటు వేసుకుని పైకి ఎక్కాను. బొగ్గు మీద పరదా కప్పింది కప్పినట్టే ఉంది. మనిషి లేడు. దిగి, బాడీ రేకుకు చెవి ఆనించాను. చల్లగా ఉంది. వేలి కణుపుతో రెండుసార్లు తట్టాను... ఎందుకు తట్టానో నాకే తెలియదు.

కాసేపు ఏమీ లేదు. ఊపిరి బిగబట్టాను.

సరిగ్గా నా చెవి దగ్గరే... టక్.

"బావా, ఈడ ఉండద్దు. బండి తీద్దాం," అన్నాను. బావ అప్పటికే తాళం తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"ఒకటి కొట్టిండు. కదలద్దు."

కొట్టిండు అన్నాడు. ఎవరు? అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఈ ఓపెన్‌కాస్టు తవ్వుతున్నది బావ వాళ్ల బాపు పనిచేసిన ఆ పాత గనినే. ఎప్పుడో దాని పైకప్పు కూలినప్పుడు మిగతా అందరినీ బయటికి తీశారు. ఆయన ఒక్కడే దొరకలేదు.

బావ పార తీసుకుని పైకెక్కాడు, పరదా లాగేశాడు. రెండు పారలు తోడాడో లేదో, ఆగిపోయాడు. పారను కిందికి విసిరేశాడు. "తాకుతదిరా," అన్నాడు. చేతులతో తోడడం మొదలుపెట్టాడు.

"బాపూ... నేనే, రాజన్నను..."

నేనూ ఎక్కాను. ఇంకేం చేయను? చప్పుడు వచ్చిన మూలన అడుగు రేకు కనిపించేదాకా తోడాం. బొగ్గే. అంతా బొగ్గే.

తెల్లారింది. బావ గోళ్ల నిండా నెత్తురు. నా వైపు చూశాడు.

"ఆగుమన్నడు. ఆగినం. మరెందుకు దొరుకుతలేడు, బామ్మర్ది?"

ఇనుము చల్లబడితే టక్కుమంటుంది, బొగ్గు సర్దుకుంటుంది. అంతమాత్రం నాకు తెలియదా? మరి నేను రెండు కొట్టినప్పుడే ఎందుకు? ఇప్పటికీ తెలియదు నాకు.

బావ తాళం నా చేతిలో పెట్టి మొహం తిప్పుకున్నాడు. బావ తాళం నా చేతిలో పెట్టి మొహం తిప్పుకున్నాడు. తిప్పాను. ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. ఆ మోతలో వెనక నుంచి ఇంకెన్ని దెబ్బలు వచ్చినా మాకు వినిపించేవి కావు.