సున్న మార్కుల కాగితం

మిర్యాలగూడలో ఉన్న నా చెల్లెలు మోకాలి ఆపరేషన్ చేయించుకుని రెండు నెలలుగా మంచం మీద ఉంది. నేను వెళ్లి చూడలేదు. ఇదివరకు ఎవరు పిలిచినా బస్సు కిరాయి దండగ అనేదాన్ని. నా సంగతి తెలిసినవాళ్లు నమ్మేవారు. ఇప్పుడు ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సులో మంది ఎక్కువ అంటున్నాను. ఆ రోజు పొద్దున చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, టికెట్ గూడ లేకపాయె. నన్ను సూడబుద్ధి అయితలేదని చెప్పరాదు" అంది. పొయ్యి మీద పాలున్నాయని ఫోన్ పెట్టేశాను.

మధ్యాహ్నం మనవరాలు ఒక కాగితం తెచ్చింది. నా కూతురి కూతురు అది. సూర్యాపేటలో నా దగ్గరే ఉండి ఫిజియోథెరపీ చదువుతోంది. కోదాడలో ఉండే వాళ్ల మేడం, ఆడవాళ్లకు మూత్రం ఆగకపోవడం గురించి ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నలను తెలుగులోకి మారుస్తోందట. ఒక్కో ప్రశ్న చదివి, నాకు ఏం అర్థమైందో నా మాటల్లో చెప్పి, టిక్కు పెట్టాలి. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని కాబట్టే నన్ను ఎంచుకున్నామంది. మెచ్చుకుందో వెక్కిరించిందో తెలియలేదు. కాగితానికి ఒకవైపే అచ్చుంది. వెనకంతా ఖాళీగా ఎందుకు వదిలారని ముందు అదే అడిగాను.

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం పడుతోందా? కింద నాలుగు గళ్లు: అసలు లేదు, కొద్దిగా, ఒక మోస్తరుగా, ఎక్కువగా. దేనికంటే ఎక్కువ? నాట్లకు వంగిన ఆడవాళ్లందరూ కాళ్లు దగ్గరపెట్టుకునే దగ్గుతారు. దగ్గుకు నా చీర ఎన్నడూ తడవలేదు. అసలు లేదు. ప్యాడ్లు వాడుతున్నారా? ఒక్కటీ కొనలేదు. అసలు లేదు. ప్రయాణాల్లో ఇబ్బంది పడుతున్నారా? ప్రయాణమే చేయడం లేదు. అసలు లేదు.

అన్నీ కూడి, నాకు సున్న వచ్చిందని చెప్పింది. నాకు కోపం వచ్చింది.

"గంటసేపు కూసోబెట్టి సున్న ఏస్తవా?"

అది నవ్వి, ఇందులో సున్న వస్తేనే మంచిదని, ఏ జబ్బూ లేనట్టని చెప్పింది. మరి రోజూ తెల్లారి నేను ఉతికేదేమిటి అనుకున్నాను.

మబ్బు పట్టిందని డాబా మీద బట్టలు తేవడానికి వెళ్లింది. నేను లేవబోయేలోపే వెళ్లింది. తీగ మీద నా లంగా కింద, ఎవరికీ కనబడకుండా ఆరేసిన పాత చీర ముక్కలు, నాలుగు మడతలు వేసి కుట్టినవి, తెచ్చి నా ముందు పెట్టింది.

"అమ్మమ్మా, ఇవి రోజుకు ఎన్ని?"

"మూడు. చలికి నాలుగు."

"మరి ప్యాడ్లు వాడనని టిక్కు పెట్టినవ్?"

"పాత చీర ఇంట్ల ఉండంగ ప్యాడ్లు ఎవలు కొంటరే?"

అది నవ్వలేదు. చిన్నమ్మమ్మ దగ్గరికి ఎందుకు పోవడం లేదని అడిగింది. రద్దీ అనబోయాను. ముక్కలు ఎదురుగా ఉన్నాయి. చివరిసారి మిర్యాలగూడ బస్టాండు రాకముందే సీటు తడిసిందని, అందరూ దిగేదాకా లేవకుండా కూర్చున్నానని చెప్పేశాను. ఎవరితోనైనా అనడం అదే మొదలు.

అది కాగితం తిరగేసి, ఖాళీగా ఉన్న వైపు రెండు ప్రశ్నలు రాసుకుంది. పాత గుడ్డలు పెట్టుకుంటున్నారా? దీనివల్ల ఎక్కడికి పోవడం మానేశారు? మేడంకు ఫోన్‌లో చదివి వినిపించింది. ఆమె నాతో కూడా మాట్లాడింది. "పెద్దమ్మగారూ, ఇది ముసలితనం కాదండీ, వ్యాయామం చేస్తే చాలావరకు తగ్గుతుంది" అంది. మనవరాలు నేర్పుతోంది. మూత్రం ఆపుకుంటున్నట్టు బిగించి పది లెక్కపెట్టాలి. బిగిస్తున్నది అదేనో, కడుపో, పళ్లో నాకు తెలియడం లేదు.

ఆదివారం ఇద్దరం మిర్యాలగూడ పోతున్నాం.

"మధ్యల దిగి, బాత్రూంకు పోయి, ఎన్కొచ్చే బస్సు ఎక్కుదాం. టికెట్ లేదు గద" అంది.

కిరాయి పెట్టిన రోజుల్లో సగం దారిలో దిగాలని నాకు తోచనే లేదు.

కొత్త కాగితం ఇచ్చి మళ్లీ టిక్కులు పెట్టమంది. మొదటిసారి పెట్టినవాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. ఇప్పుడు పెట్టేవి నిజమైతే అవి ఏమైనట్టు? నా చెల్లెలు నాకంటే రెండు తరగతులు ఎక్కువ చదివింది. దాన్నే అడుగుదామని కాగితం మడిచి సంచిలో, గుడ్డముక్కల పక్కన పెట్టుకున్నాను.